140 బైట్లలో ఆరోగ్య సమాచారం

ఎస్‌ఎంఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు. మామూలు ఫోన్, కాసేపు సిగ్నల్ ఉంటే చాలు. అందుకే రోడ్డు సరిగా లేని ఊళ్లకు వైద్యాన్ని చేర్చడంలో అది పనికొస్తోంది. ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావీలో, నమిటెటె గ్రామీణ ప్రాంతంలోని సెయింట్ గాబ్రియేల్ ఆసుపత్రి దాదాపు 2,50,000 మందికి ఆధారం. 2000ల చివర్లో అక్కడి ఆరోగ్య కార్యకర్తలకు ఫోన్లు ఇచ్చారు. రోగుల పరిస్థితిని వారు మెసేజ్‌లుగా పంపితే, ఆసుపత్రిలోని ఒక ల్యాప్‌టాప్ వాటిని అందుకునేది.

చిక్కు భాష దగ్గర వచ్చింది. స్థానిక భాష చిచేవాలో ఒకే మాట సందర్భాన్ని బట్టి ముందూ వెనుకా ప్రత్యయాలు చేర్చుకుని అనేక రూపాల్లో కనిపిస్తుంది. రాసేవారి స్పెల్లింగులూ వేరు. ‘జ్వరం’, ‘జ్వరానికి’, ‘జ్వరమొచ్చి’ ఒకే మాటవని కంప్యూటర్‌కు నేర్పాల్సిన తెలుగుదీ ఇదే సమస్య.

అక్షరాల లెక్క

ఒక ఎస్‌ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లు, అంటే 1,120 బిట్లు. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు సాధారణంగా వాడే యూనికోడ్ పద్ధతిలో ఒక్కో గుర్తుకు 16 బిట్లు కావాలి. అంటే 70 గుర్తులే. పైగా ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే ఆరు గుర్తులు తీసుకుంటుంది. చోటు చాలక మాటలు కుదిస్తే అనువాదం మరింత కష్టమవుతుంది.

అర్థం తప్పితే

‘ముఖానికి నీరు పట్టింది, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి’ అని ఒక గర్భిణి చెబితే, అది ప్రమాదకరమైన రక్తపోటుకు సూచన కావచ్చు. మాటకు మాట అనువదిస్తే నీరు, కళ్లు మిగులుతాయి, హెచ్చరిక పోతుంది. ‘చుక్కలు’ మందు చుక్కలో, నక్షత్రాలో యంత్రానికి సందర్భమే చెప్పాలి.

కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ‘భాషిణి’ వంటి వేదికలతో భారతీయ భాషల యంత్రానువాదం మెరుగవుతోంది. అయినా మోతాదు విషయంలో సురక్షితమైన పద్ధతి వేరు: తరచూ పంపే సందేశాలను ముందే అనువదించి, మరొకరితో తిరిగి మూలభాషలోకి మార్పించి సరిచూడటం, ఆపై తేదీ, మోతాదు మాత్రమే మార్చడం. రోగి సొంత మాటల్లో రాసినదాన్ని యంత్రం అత్యవసరమా కాదా అని వేరుచేయవచ్చు. నిర్ణయం మాత్రం ఆ భాష తెలిసిన ఆరోగ్య కార్యకర్తదే కావాలి.

చదవడం రానివారికి గొంతే దారి. గర్భిణులకు నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారం వారం ఫోన్ చేసి వినిపించే ‘కిల్కారి’లో 72 సందేశాలున్నాయి. అక్కడ 70 గుర్తుల పరిమితి లేదు. వినేవారి పలుకుబడిలో చెప్పాల్సిన బాధ్యత మాత్రం అలాగే ఉంది.