తల తిరిగితే పైత్యమేనా? స్కాన్‌లో ఏం తెలుస్తుంది?

పెద్దవాళ్లకు తల తిరిగితే మన ఇళ్లలో మొదట వచ్చే మాట ‘పైత్యం చేసింది’. నిమ్మరసం తాగించి పడుకోబెడతాం. చాలాసార్లు ప్రమాదం ఉండదు. పక్కమీద దొర్లినప్పుడు, తల పైకెత్తినప్పుడు గిర్రున తిరిగి నిమిషంలోపు ఆగిపోతే, అది సాధారణంగా లోపలి చెవిలోని సున్నపు రేణువులు కదలడం వల్ల వచ్చేది. డాక్టరు తలను ఒక క్రమంలో తిప్పి సరిచేస్తారు. దీనికి మామూలుగా స్కాన్ అక్కర్లేదు.

రక్తనాళం మూసుకుపోతే సంగతి వేరు. మెడ ఎముకల గుండా పైకి వెళ్లే రెండు నాళాలు మెదడు అడుగున ఒకటిగా కలుస్తాయి. ఒంటి నిలకడను చూసే చిన్నమెదడుకు, లోపలి చెవికి రక్తం వచ్చేది ఈ దారినే. అక్కడ గడ్డ అడ్డుపడితే అది పక్షవాతమే. చెయ్యీ కాలూ పడిపోకుండా, తల తిరుగుడుతోనే మొదలు కావచ్చు. బీపీ, షుగర్, పొగతాగే అలవాటు ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

సీటీ స్కాన్ రక్తస్రావాన్ని వెంటనే పట్టిస్తుంది. కానీ తల వెనుక భాగంలో ఎముక మందం కాబట్టి, కొత్తగా అడ్డుపడిన చోటు అందులో తరచు కనబడదు. ఎమ్మారైలో డిఫ్యూజన్ అనే పద్ధతి దాన్ని మెరుగ్గా చూపుతుంది. అదీ మొదటి ఒకటి రెండు రోజుల్లో చిన్నవాటిని వదిలేయవచ్చు. నాళం ఎక్కడ సన్నబడిందో ఆంజియోగ్రఫీలో తెలుస్తుంది. అందుకే డాక్టరు కళ్ల కదలిక, నడక కూడా పరీక్షిస్తారు. ‘సీటీలో ఏమీ లేదు’ అన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు.

తల తిరుగుడు ఆగకుండా ఉండి, మాట తడబడినా, ఒకటి రెండుగా కనబడినా, మింగుడు పడకున్నా, ఆసరా లేకుండా నిలబడలేకపోయినా, ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోయినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే సూది మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. నరసాపురం నుంచి కోలారుకో, బెంగళూరు నిమ్హాన్స్‌కో చేరే సమయమూ అందులోదే.

ఆస్పత్రిలో కన్నడంలో ‘తలె సుత్తు’ అని ఒక్క మాటతో ఊరుకోవద్దని సంఘం తరఫున మా మనవి. గది తిరిగినట్టుందా, కళ్లు చీకట్లు కమ్మాయా, ఎన్ని గంటలకు మొదలైంది, ఏ మందులు వాడుతున్నారు అన్నవి చెప్పండి. పాత స్కాన్ ఫిల్ములూ, మందుల చీటీలూ ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసేలా చూసుకోండి.