అక్టోబరు కత్తిరింపు.. డిసెంబరు గులాబీ

ఢిల్లీలో వర్షాలు వెనుదిరిగి, రాత్రివేళ గాలి చల్లబడే అక్టోబరు మాసం గులాబీ పెంపకందారులకు కీలక సమయం. జేఎన్‌యూకు సమీపంలోని కటవారియా సరాయ్‌లో ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. అటువంటి చోట పెరటికి తావుండదు. డాబా మీది కుండీలే తోట. కుండీలోని మట్టి పరిమితం కనుక ఏ కొమ్మను నిలపాలి, దేనిని తొలగించాలి అన్నదానిపైనే ఆ ఏడాది పూత ఆధారపడుతుంది.

గులాబీ ప్రధానంగా కొత్తగా చిగురించిన కొమ్మల చివర పూస్తుంది. కత్తిరించిన ఆరేడు వారాలకు పూలు విచ్చుకుంటాయి. అక్టోబరు మధ్యలో కత్తిరిస్తే డిసెంబరు ఆరంభానికి మొక్క నిండుగా పూస్తుంది. ఐరోపాలో శీతకాలం చివరన కత్తిరించడం ఆనవాయితీ; ముందే కత్తిరిస్తే లేత చిగుళ్లు మంచుకు మాడిపోతాయి. ఢిల్లీలో గులాబీకి గడ్డుకాలం చలి కాదు, వేసవి. ఇక్కడ ఫిబ్రవరి వరకు ఆగితే చిగుళ్లు ఎదిగేసరికి ఎండలు ముదురుతాయి, పూలు చిన్నవవుతాయి.

ఈ దేశపు వాతావరణానికి తగిన గులాబీ పెంపకాన్ని ఢిల్లీలోని పూసా సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్త డాక్టర్ బి.పి.పాల్ విస్తృతంగా ప్రచారం చేశారు. 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలి తొలి డైరెక్టర్ జనరల్ అయిన ఆయన, ‘ఢిల్లీ ప్రిన్సెస్’ వంటి పలు గులాబీ రకాలను రూపొందించారు.

ముందుగా ఎండిన, తెగులు సోకిన, ఒకదానితో ఒకటి రాసుకునే కొమ్మలను తీసివేయాలి. పెద్ద పూల హైబ్రిడ్ టీ రకాల్లో నాలుగైదు బలమైన కొమ్మలను నిలిపి, వాటిని సగం ఎత్తుకు కుదించాలి. గుత్తులుగా పూసే ఫ్లోరిబండా రకాలకు మూడింట ఒక వంతు తీస్తే చాలు. తీగ గులాబీలను ఇలా కుదించరాదు. ఎండిన, బలహీనమైన కొమ్మలను మాత్రమే తొలగించాలి.

బయటివైపు చూసే మొగ్గకు అర సెంటీమీటరు పైన, మొగ్గకు ఎదుటి దిక్కుకు వాలుగా కోయాలి. అప్పుడు చిగురు బయటికి సాగి, మొక్క నడుమకు గాలి, వెలుతురు అందుతాయి. కోతపై నీరు నిలవదు. అంటు ముడికి దిగువన మొలిచే కొమ్మలు వేరుమూలానివి. వాటిని ఉపేక్షిస్తే కోరి తెచ్చుకున్న రకం క్రమంగా నశిస్తుంది.

కోసిన చివర నుంచి కొమ్మ నల్లబడుతూ కిందికి ఎండిపోతే, అది శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు. లోపలి బెండు తెల్లగా కనిపించేవరకు కోసి, చివరలకు బోర్డో పేస్టు పూయాలి. ఒక మొక్క నుంచి మరో మొక్కకు వెళ్లే ముందు కత్తెరను స్పిరిటుతో తుడవాలి. తెగులు సోకిన కొమ్మలను కాల్చివేయమని పాత పద్ధతి చెబుతుంది. అయితే ఢిల్లీలో బహిరంగ దహనంపై నిషేధం ఉన్నందున, వాటిని సంచిలో కట్టి మున్సిపల్ చెత్త బండికి అప్పగించాలి.

చివరగా కుండీలోని పై మట్టిని రెండు అంగుళాల మేర తీసి, బాగా చివికిన పశువుల ఎరువు వేసి నీరు పెట్టాలి. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ తగలాలి. అక్టోబరు దాటినవారు నవంబరు తొలి పక్షంలోనూ కత్తిరించవచ్చు. పూత ఆ మేరకు ఆలస్యమవుతుంది. ఎండలు మొదలయ్యాక మాత్రం వాడిన పూలను తుంచడానికే పరిమితం కావాలి.