వేడిగాలితో కరకరలాడు ఉల్లిచక్రములు

ఉల్లి చేసిన మేలు తల్లియు చేయదని మన పెద్దల సామెత. అరణ్యమున సంచరించుచుండిన ఇశ్రాయేలీయులు ఐగుప్తులో తినిన యుల్లిపాయలను తలంచుకొని వగచినట్లు సంఖ్యాకాండము 11వ అధ్యాయమున చదువుచున్నాము. ఇట్లు అనాదిగా మనుష్యులకు ప్రియమైన యీ గడ్డతో చేయు ఫలహారములలో ఉల్లిచక్రములు నొకటి. ఇది అమెరికా దేశమున ప్రసిద్ధి కెక్కినది. అచ్చట 1933వ సంవత్సరమున వంటకొవ్వును అమ్ము కంపెనీ యొకటి దీనిని చేయు విధమును పత్రికాప్రకటనగా వెలువరించెను. నేడు మన పట్టణములలోని ఫలహారశాలలందును 'ఆనియన్ రింగ్సు' అను పేర దీనిని అమ్ముచున్నారు. దీనిని మూకెడు నూనెలో గాక, ఎయిర్ ఫ్రయర్ అను యంత్రమునందు ఇంటనే చేయు విధమును ఈ వ్యాసమున వివరింతుము.

విధముతో పాటు కారణములను గూడ చెప్పుదుము. ఏలయనగా, ఈ యంత్రమును కొనిన వారు పెక్కురు పకోడీల పిండినే కలిపి దానిలో వేసి, అది బంకగా మిగిలిపోగా యంత్రమును నిందించుచున్నారు. కారణము నెఱిగినవానికి ఇట్టి నష్టము కలుగదు.

యంత్రము ఎట్టిది?

పేరులో 'ఫ్రయర్' అని యున్నను ఇది నూనెలో వేపునది కాదు. లోపల పైభాగమున ఎఱ్ఱగా కాలు తీగచుట్టయు, వడిగా తిరుగు పంకాయు, క్రింద రంధ్రములు గల బుట్టయు నుండును. పంకా ఆ వేడిగాలిని బుట్టలోని పదార్థము చుట్టును సుడిగాలివలె త్రిప్పుచుండును. కాబట్టి ఇది గాలి వీచు చిన్న పొయ్యి యనుట యుక్తము. ఈ యూహ క్రొత్తది కాదు. 1940వ దశకముననే అమెరికాలో విలియం మాక్సన్ అను నతడు విమానములలో గడ్డకట్టిన భోజనమును వేడిచేయుటకై పంకా గల పొయ్యిని నిర్మించెను. ఇంటిలో వాడదగిన చిన్న యంత్రమును ఎయిర్ ఫ్రయర్ అను పేర ఫిలిప్సు కంపెనీవారు 2010వ సంవత్సరమున విపణిలో ప్రవేశపెట్టిరి.

నీరే విరోధి

నీరుల్లి యను పేరులోనే నీరున్నది. 100 గ్రాముల ఉల్లిలో దాదాపు 89 గ్రాములు నీరే. నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగునని బాలురందరు నెఱుగుదురు. పదార్థముయొక్క పైభాగము తడిగా నున్నంతవఱకు అందిన వేడి యంతయు ఆ తడిని ఆవిరి చేయుటకే వ్యయమగును. కావున ఆ భాగము 100 డిగ్రీలను మించి వేడెక్కజాలదు. బంగారువర్ణమును, కమ్మని వాసనయు రావలెనన్న సుమారు 140 డిగ్రీల వేడి కావలెను. అప్పుడే పిండిలోని చక్కెరలును మాంసకృత్తుల భాగములును కలిసి మార్పు చెందును. ఈ మార్పును ఫ్రాన్సుదేశపు రసాయనశాస్త్రజ్ఞుడు మెయ్యార్ 1912వ సంవత్సరమున వర్ణించెను. కాబట్టి కరకర యనగా పైపూత చక్కగా ఎండుటయే గాని వేఱు కాదు.

పకోడి వేయునపుడు జరుగునదేమి? జారుగా నున్న పిండి కాగిన నూనెలో పడినంతనే నూనె దానిని అన్నివైపుల తాకి, కొన్ని క్షణములలో పైపొరను గట్టిపఱచును. గాలి యట్లు త్వరగా వేడి నందింపలేదు. రొట్టెలు కాల్చు పొయ్యిలో పెద్దలు క్షణకాలము చేయి పెట్టి తీసినను కాలదు. అంత వేడి గల నూనె బొట్టు పడినచో వెంటనే బొబ్బ లేచును. కావున జారుపిండిని బుట్టలో వేసినచో అది గట్టిపడక మునుపే రంధ్రములగుండ కారిపోవును. ఈ కారణముచేతనే మనము ఉల్లికి తడిపూతకు బదులు పొడిపూత వేయవలెను. ఇక పంకా చేయు మేలేమనగా, గాలి వీచు దినమున తీగెమీది బట్టలు ఎట్లు త్వరగా ఆరునో, అట్లే ఉల్లిచుట్టు పేరుకొను ఆవిరిని ఎప్పటికప్పుడు తొలగించుచుండును.

కావలసిన వస్తువులు

నలుగురికి పెద్ద ఉల్లిపాయలు 2, మైదాపిండి 60 గ్రాములు, కోడిగ్రుడ్డు 1, పాలు 2 పెద్ద చెంచాలు, బరకగా చేసిన బ్రెడ్డుపొడి 100 గ్రాములు, నూనె 1 పెద్ద చెంచా, ఉప్పు, మిరియపుపొడి లేక కారము తగినంత. గ్రుడ్డు తినని వారు నాలుగు పెద్ద చెంచాల మైదాను చిక్కని మజ్జిగతో గరిటెజారుగా కలిపికొనవచ్చును. నిన్నటి బ్రెడ్డును ఎండబెట్టి చేతితో నలిపినను పొడి సిద్ధమగును. పొడి మెత్తగా నుండరాదు; బరకదనమే కరకరకు మూలము.

చేయు విధము

ఉల్లిపాయల పొట్టు తీసి, పదునైన కత్తితో అడ్డముగా ఒక సెంటీమీటరు మందమున చక్రములుగా కోయవలెను. కోయునపుడు ఉల్లికణములు చితికి, వానిలోని రెండు ద్రవ్యములు కలిసి కన్నీరు తెప్పించు ఆవిరి పుట్టును. మొద్దుకత్తి ఎక్కువ కణములను చితుకగొట్టును గనుక పదునైన కత్తియే మేలు. ఉల్లిని అరగంట ఫ్రిజ్జులో నుంచి కోసినచో కన్నీరు మఱింత తగ్గును.

చక్రములను విడదీసి, ప్రతి చక్రము లోపలివైపున నంటియుండు పలుచని పొరను గోటితో తీసివేయవలెను. ఈ పొర యున్నచో పూత జారిపోవును. పిదప శుభ్రమైన గుడ్డతో తడి యద్దవలెను.

ఒక వెడల్పు గిన్నెలో బ్రెడ్డుపొడిని వేసి, నూనె పోసి, పొడి యంతటికిని నూనె పట్టునట్లు చేతితో కలుపవలెను. మూకెడు నూనె చేయు పనిని ఈ చెంచాడు నూనె కొంతవఱకు చేయును; ఇది లేనిచో పొడి తెల్లగా, చప్పగా మిగులును. వేఱొక పళ్లెములో మైదాను ఉప్పుకారములతో కలుపవలెను. మూడవదానిలో గ్రుడ్డును పాలతో గిలకొట్టి యుంచవలెను.

చక్రమును ముందుగా మైదాలో దొర్లించి దులిపి, తరువాత గ్రుడ్డులో ముంచి యెత్తి, చివర బ్రెడ్డుపొడిలో అద్ది మెల్లగా నొత్తవలెను. మైదా ఉల్లితడిని పీల్చుకొనును, గ్రుడ్డు జిగురువలె పట్టుకొనును, పొడి కవచమగును. ఈ క్రమమును మార్చరాదు. ఒకచేతితో పొడి పనియు, రెండవచేతితో తడి పనియు చేసినచో వ్రేళ్లకు పిండి కట్టదు. పూత వేసిన చక్రములను ఇరువది నిమిషములు ఫ్రిజ్జులో నుంచినచో పూత బిగియును.

యంత్రమును 190 డిగ్రీల వద్ద అయిదు నిమిషములు ముందుగా వేడిచేసి, చక్రములను ఒకదానిపై నొకటి పడకుండ ఒక్క వరుసగా పేర్చవలెను. అయిదు నిమిషములకు త్రిప్పివేసి, మఱి మూడు నాలుగు నిమిషములుంచినచో బంగారువర్ణము వచ్చును. తీసినవెంటనే లోతైన గిన్నెలో పోగుచేసి మూత పెట్టరాదు. వాని యావిరియే వానిని మెత్తపఱచును. చిల్లుల పళ్లెముమీద పఱచి, వేడిగా నుండగనే వడ్డింపవలెను.

లోపములు, వాని కారణములు

చక్రములు మెత్తబడినచో బుట్టలో క్రిక్కిరిసినవని తెలిసికొనవలెను. గాలి తిరుగుటకు చోటు లేనిచో ఆవిరి పోదు. పూత రాలినచో ఉల్లి తడిగా నుండినది, లేదా లోపొర తీయలేదు. తెల్లని మచ్చలు మిగిలినచో పొడికి నూనె సమముగా పట్టలేదు. పైన మాడి లోన పచ్చిగా నున్నచో ముక్క మందమో, వేడి మిక్కుటమో యైనది. నల్లగా మాడనిచ్చుట రుచికే గాక ఆరోగ్యమునకును మంచిది కాదు. పిండిపదార్థములు మిక్కిలి వేడికి మాడునపుడు ఆక్రిలమైడు అను హానికర ద్రవ్యము పుట్టునని 2002వ సంవత్సరమున స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. బంగారువర్ణము రాగానే ఆపుట వివేకము.

నూనెను గూర్చి

ఒక గ్రాము కొవ్వులో 9 కాలరీల శక్తి కలదు. ఇచ్చట నలుగురికి ఒక పెద్ద చెంచాడు నూనెయే చాలును. ఇంతకంటె ముఖ్యమైన లాభము మఱియొకటి కలదు. మూకుడులో మిగిలిన నూనెను పాఱబోయ మనసొప్పక మరల మరల కాచుట మన యిండ్లలో పరిపాటి. అట్లు కాచినకొలది నూనె చెడి హానికర ద్రవ్యములు పెరుగును. అందుచేతనే భారతదేశపు ఆహారభద్రతా సంస్థవారు ఇట్టి ద్రవ్యములు నూటికి 25 పాళ్లు మించిన నూనెను వాడరాదని నియమించిరి. ఆ నియమము 2018 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఎయిర్ ఫ్రయర్‌లో వండినప్పుడు మిగులు నూనెయే యుండదు. అయినను ఇది పథ్యపుటాహారమని భ్రమపడరాదు. మైదాయు ఉప్పును అట్లే యున్నవి. నూనెలో వేగిన పకోడి రుచి వేఱు, దీని రుచి వేఱు. ఒకటి మఱియొకటి కాజాలదు.

జాగ్రత్తలు

తలిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసినది ఈ భాగమే. ఇంట నూనె మూకుడు బోర్లపడి పిల్లలు కాలుట మిక్కిలి ఘోరమైన ప్రమాదము. నూనె అంటుకొనినచో ఎన్నడును నీరు పోయరాదు. నీరు నూనెకంటె బరువు గనుక అడుగునకు దిగి, తటాలున ఆవిరియై సుమారు 1,700 రెట్లు వ్యాకోచించి, మండుచున్న నూనెను గదియంతట చిమ్మును. పొయ్యి నార్పి, మూకుడుపై లోహపు మూత పెట్టి, గాలి తగులకుండ చేయవలెను. ప్రతి విద్యార్థియు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

ఎయిర్ ఫ్రయర్‌లో ఈ భయము మిక్కిలి తక్కువయే గాని అసలు భయము లేకపోలేదు. బుట్ట లాగినప్పుడు వేడి యావిరి ముఖమునకు కొట్టును. వెనుక గాలి వెడలు ద్వారమును గోడకు ఆనించి మూయరాదు. 6 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల వద్ద 1,380 వాట్లకు మాత్రమే చాలును. కావున 1,500 వాట్ల యంత్రమును 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టుకే తగిలింపవలెను. ఆ యంత్రము ఇరువది నిమిషములు నడచినను విద్యుత్తు అర యూనిట్టును మించదు. పిన్న బాలురు పెద్దలు దగ్గఱ నుండగనే దీనిని ముట్టవలెను.

ఈ యంత్రము లేని యింటివారు దీనికై ఋణము చేయ నక్కఱలేదు. మందమైన పెనముమీద రెండు మూడు పెద్ద చెంచాల నూనె వేసి, సన్నని సెగపై ఈ చక్రములనే రెండువైపుల కాల్చుకొనవచ్చును. త్రిప్పుటకు ఓపికయు, పెద్దల పర్యవేక్షణయు కావలెను. ఉల్లి యొలుచుట, పొర తీయుట, పొడి నలుపుట మొదలగు పనులు బాలురును బాలికలును సమముగా పంచుకొనదగినవి. ఈ సెలవులలో ఒక సాయంకాలము ఇంట తల్లులకు విశ్రాంతి నొసంగి, ఈ ఫలహారమును తామే సిద్ధముచేసి వడ్డింపవలసినదిగా మా విద్యార్థులను కోరుచున్నాము.