ఏడు గ్రామాల్లో ఉప్పు మార్చి చూస్తే...

సిద్దిపేట ప్రాంతంలోని ఏడు గ్రామాల్లో రక్తపోటు ఉన్న 502 మందికి జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు వంట ఉప్పు ఇచ్చారు. కొందరికి అందినది మామూలు ఉప్పే. మిగతావారికి ఇచ్చిన ఉప్పులో 70 శాతం సోడియం క్లోరైడ్, 30 శాతం పొటాషియం క్లోరైడ్. ఎవరికి ఏది అందిందో తిన్నవారికీ తెలియదు, పరీక్షించినవారికీ తెలియదు. మూడు నెలల తర్వాత పోల్చి చూస్తే, పొటాషియం కలిసిన ఉప్పు వాడినవారిలో రక్తపోటు పై అంకె సగటున 4.6 మిల్లీమీటర్లు ఎక్కువగా తగ్గింది. ఈ ఫలితాలు 2021లో వెలువడ్డాయి.

బీపీ ఉందనగానే డాక్టరు చెప్పే మొదటి మాట 'ఉప్పు తగ్గించండి'. సలహా సరైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక టీస్పూను ఉప్పు చాలు. దానిలో సోడియం 2 గ్రాములు. ఆంధ్రప్రదేశ్‌లో మూత్ర పరీక్షల ఆధారంగా వేసిన అంచనా తొమ్మిదిన్నర గ్రాములకు దగ్గరగా ఉంది. అయితే అదే సంస్థ పెద్దవారికి రోజుకు కనీసం 3.5 గ్రాముల పొటాషియం కావాలని కూడా చెబుతోంది. ఈ రెండో మాట ఆసుపత్రి గది దాటి వంటింటి దాకా రావడం అరుదు.

పొటాషియం ఎందుకు ముఖ్యమో తెలియాలంటే మూత్రపిండాల దగ్గరికి వెళ్లాలి. అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో ఉండే సోడియంను ఉప్పుగా లెక్కిస్తే కిలోన్నర దాకా ఉంటుంది. దాదాపు అంతటినీ సన్నని నాళికలు తిరిగి రక్తంలోకి లాగేసుకుంటాయి. చివరికి ఎంత బయటికి పోవాలన్నది నాళిక ఆఖరి భాగాల్లో తేలుతుంది. అక్కడ సోడియం లోపలికి వస్తుంటే దానికి బదులుగా పొటాషియం బయటికి పోతుంది.

తిండిలో పొటాషియం తగ్గితే, ఉన్నదాన్ని పోనివ్వకుండా చూడటం మూత్రపిండాలకు ముఖ్యమవుతుంది. అందుకని ఆ మార్పిడి జరిగే చోటికి సోడియం చేరకముందే, అంతకు కాస్త ముందు భాగంలోనే దాన్ని వెనక్కి లాగేస్తాయి. పొటాషియం మిగులుతుంది. దాంతోపాటు ఉప్పూ ఒంట్లో నిలుస్తుంది, ఉప్పు వెంట నీరూ నిలుస్తుంది. రక్తపోటు పెరుగుతుంది. అప్పటికే ఒంట్లో ఉప్పు ఎక్కువగా ఉన్నా ఈ పని ఆగదు. తగినంత పొటాషియం అందినప్పుడు మాత్రం సోడియంను వదిలేస్తాయి.

ఆకులూ దుంపలూ పండ్లూ తిని, ఉప్పు దొరకడమే గగనమైన కాలంలో ఈ ఏర్పాటు ప్రాణాలు కాపాడి ఉండాలి. 1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం 32 దేశాల్లోని 52 కేంద్రాల్లో పదివేల మందికి పైగా జనాన్ని పరీక్షించింది. వారిలో బ్రెజిల్ అడవుల్లోని యానోమామి ప్రజల ఆహారంలో ఉప్పు నామమాత్రం. వయసు పెరిగినా వారి రక్తపోటు పెరగలేదు.

తెలుగువారి కంచంలో ఈ లెక్క తలకిందులైంది. పాలిష్ పట్టిన తెల్లన్నంలో పొటాషియం తక్కువ. పక్కన ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయ, అన్నిటా ఉప్పే. పప్పులు, తోటకూర, మునగాకు, అరటిపండు, చిలగడదుంప పొటాషియం ఉన్నవే. కానీ ఆకుకూర ఉడికించి నీళ్లు పారబోస్తే దానిలో కొంత ఆ నీటితోనే పోతుంది. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువ ఉప్పు ప్యాకెట్ ఆహారంతో వస్తుంది. మన పల్లెల్లో అది చాలావరకు వండేవారి చేతి నుంచే పడుతుంది. డబ్బాలో ఉప్పు మార్చడం ఇక్కడ ఫలించడానికి అదే కారణం.

సగటున నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గితే ఒరిగేదేమిటన్న ప్రశ్నకు జవాబు చైనాలో దొరికింది. అక్కడ 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందిని సుమారు అయిదేళ్లు గమనించారు. వారంతా అంతకుముందు పక్షవాతం వచ్చినవారు, లేదా అరవై దాటి బీపీ ఉన్నవారు. నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడిన ఊళ్లలో పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తక్కువగా నమోదయ్యాయి.

అయితే తీవ్రమైన మూత్రపిండాల వ్యాధి ఉన్నవారిని ఆ అధ్యయనంలో మొదటే చేర్చుకోలేదు. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు ఎక్కువైన పొటాషియంను బయటికి పంపేస్తాయి. దెబ్బతిన్నవి పంపలేవు. రక్తంలో అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం ఇంకా తేలని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను పీడిస్తోంది. సిద్దిపేటలో మేలు చేసిన ఉప్పు అక్కడ అలాంటి రోగికి హాని చేయవచ్చు. పైగా ఈ వ్యాధి చాలాకాలం లక్షణాలు చూపదు. బీపీకి తరచూ రాసే టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి మందులు కూడా పొటాషియంను ఒంట్లో నిలుపుతాయి. అంటే ఈ ఉప్పు అవసరమున్నవారిలోనే జాగ్రత్త పడాల్సినవారూ ఉన్నారు.

2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్లలో మామూలు ఉప్పుకు బదులు ఈ ఉప్పు వాడవచ్చని షరతులతో సూచించింది. పిల్లలు, గర్భిణులు, మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి ఆ సూచన వర్తించదని కూడా చెప్పింది. కొనేముందు క్రియాటినిన్, పొటాషియం రక్త పరీక్షలు చేయించుకుని డాక్టరును అడగడం మంచిది. ఆ పరీక్షలు బీపీ ఉన్న ఒక్కరికే చేయించి ఊరుకోకూడదు. ఇంట్లో పప్పు ఒకే గిన్నెలో ఉడుకుతుంది. కొడుకు బీపీ కోసం మార్చిన ఉప్పు తల్లి కంచంలోకీ వస్తుంది.