యుద్ధకాలపు ఉత్తరాలకు టచ్‌స్క్రీన్: జూమ్ బటన్ ఒక్కటే సరిపోదు!

వందేళ్ల నాటి ఉత్తరాన్ని మ్యూజియంలో టచ్‌స్క్రీన్ మీద చూపించాలి. స్కాన్ చేసి, జూమ్ పెట్టేస్తే పని అయిపోయినట్టే కదా? మరి అసలు ఉత్తరమే లేకపోతే?

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పోరాడిన భారతీయ సైనికుల ఉత్తరాల పరిస్థితి దాదాపు ఇదే. కొన్ని వారాలుగా, ఆఫీస్ పని అయ్యాక, వాటి కోసం ట్యాబ్లెట్ మీద చిన్న ప్రోటోటైప్ చేస్తున్నా. ప్రాసెసర్, ప్యానెల్ సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: స్క్రీన్ మీద కనిపించేది ఎవరి మాట?

ఒక ఉత్తరం, నాలుగు లేయర్లు

1914 సెప్టెంబర్ చివర్లో మన సైనికులు మార్సెయ్ రేవులో దిగడం మొదలైంది. వాళ్లలో చాలామందికి రాయడం రాదు. వాళ్లు చెబుతుంటే వేరేవాళ్లు రాసిపెట్టేవారు. ఆ ఉత్తరాలు సెన్సార్ ఆఫీసుకు వెళ్లేవి. అక్కడ కొన్నింటిని ఎంచి, కావాల్సిన భాగాలు ఇంగ్లిష్‌లోకి మార్చి, టైప్ చేసి రిపోర్టులకు జత చేసేవారు. ఉర్దూ, గురుముఖి, హిందీల్లో రాసిన ఆ ఒరిజినల్స్ చాలావరకు ఇప్పుడు లేవు. మిగిలినవి టైప్ చేసిన కాగితాలే. అవి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. లైబ్రరీ వాటిని డిజిటైజ్ కూడా చేసింది.

అంటే చెప్పినవాడు, రాసినవాడు, అనువదించినవాడు, ఎంపిక చేసిన అధికారి. మనం తెలుగు ఆప్షన్ ఇస్తే ఐదో లేయర్ కూడా చేరుతుంది.

ఇంకో ట్విస్ట్: తమ ఉత్తరాలు ఎవరో చదువుతున్నారని సైనికులకు తెలుసు. అందుకే కొందరు కోడ్ వాడారు. నల్ల మిరియాలు అంటే భారతీయ సైనికులు, ఎర్ర మిరప అంటే బ్రిటిష్ వాళ్లు. సెన్సార్ వాళ్లు దాన్ని పసిగట్టేశారు కూడా!

నేను వద్దనుకున్న ఫీచర్లు

చేతిరాత ఫాంట్, పాత కాగితం బ్యాక్‌గ్రౌండ్, ఏఐ వాయిస్. మూడూ ఈజీగా చేసేయొచ్చు, డెమోలో అదిరిపోతాయి. కానీ చూసేవాళ్లు అదే ఒరిజినల్ అనుకుంటారు. ఒక సైనికుడు ఇంటికి పంపిన మాటకు మనం గొంతు కల్పించేస్తే, పోయినదేంటో ఎవరికీ తెలియకుండా పోతుంది.

అందుకే మొదటి స్క్రీన్‌లో టైప్ చేసిన పేజీ ఉన్నది ఉన్నట్టుగా పెట్టా. ట్యాప్ చేస్తే ఒక్కో లేయర్ తెరుచుకుంటుంది. ఒరిజినల్ ఉండాల్సిన చోట ఖాళీ బాక్స్ ఉంటుంది. ఒక ఫ్రెండ్‌కి ట్యాబ్ ఇస్తే అక్కడే ఆగి, "ఒరిజినల్ ఎక్కడ బ్రో?" అన్నాడు. నాకు కావాల్సిన ప్రశ్న అదే. స్క్రీన్‌షాట్ తీసినా "సెన్సార్ అనువాదం" అన్న లేబుల్ అందులో పడేలా దాన్ని టెక్స్ట్ పక్కనే ఫిక్స్ చేశా.

హార్డ్‌వేర్ సంగతి

పెద్ద స్కాన్‌లకు ఐఐఐఎఫ్ స్టాండర్డ్ బాగుంటుంది. చూస్తున్న భాగాన్నే ముక్కలుగా లోడ్ చేయొచ్చు కాబట్టి మిడ్‌రేంజ్ ట్యాబ్ చాలు. ఆండ్రాయిడ్‌లో లాక్ టాస్క్ మోడ్ ఆన్ చేస్తే విజిటర్లు యాప్ నుంచి బయటకు పోలేరు.

పక్కనే అసలు డైరీ ఉంటే మాత్రం బ్రైట్‌నెస్ తగ్గించాలి. పాత కాగితం పాడవకుండా మ్యూజియంలు సాధారణంగా 50 లక్స్ వెలుతురే ఉంచుతాయి. పక్కన స్క్రీన్ మెరిసిపోతుంటే కళ్లకు ఆ కాగితం ఇంకా మసకగా కనిపిస్తుంది. గాజు పెట్టెలో డైరీ ఒక్క చోటే తెరిచి ఉంటుంది. మిగతా పేజీలు చూపించడమే స్క్రీన్ పని.

ఈసారి మ్యూజియంకు వెళ్తే టచ్ రెస్పాన్స్‌తో పాటు ఇది కూడా చెక్ చేయండి: ఆ మాట ఎవరిదో, ఎన్ని చేతులు మారి వచ్చిందో స్క్రీన్ చెబుతోందా? చెబితే ఆ డిస్‌ప్లేకి నా ఓటు, ప్యానెల్ ఎంత పాతదైనా సరే.