డబ్బున్నా... గీత దాటలేం!

పడక గదిలోంచే పసిఫిక్ సముద్రం కనిపించే విలాస నౌక. అయినా నచ్చినచోట దిగుతామంటే కుదరదు! ఈక్వెడార్ తీరానికి సుమారు 1000 కిలోమీటర్ల దూరంలోని గాలపాగోస్ దీవుల్లో తిరిగే నౌకలు 100 మందికి మించి ప్రయాణికుల్ని ఎక్కించుకోకూడదు. రబ్బరు పడవల్లో ఒడ్డుకు చేరాక, ఒక్కో గైడ్ వెంట 16 మందే. బాట దాటకూడదు. సముద్రసింహం ఎదురొస్తే రెండు మీటర్లు మనమే జరగాలి. విత్తనాలేమైనా ఉన్నాయేమోనని విమానం ఎక్కేముందే సంచులు వెతుకుతారు.

ఎందుకింత పట్టింపంటారా? ఇక్కడి పింటా దీవిలో భారీ తాబేళ్లను ఒకప్పుడు నావికులు ఆహారం కోసం పట్టుకెళ్లారు. ఆ తర్వాత మనుషులు వదిలిన మేకలు, మిగిలినవాటి మేతనూ తినేశాయి. ఆ జాతిలో చివరిదైన 'లోన్‌సమ్ జార్జ్' 2012లో చనిపోయింది.

2024 ఆగస్టులో చాలామంది విదేశీయులకు ప్రవేశ రుసుమును 100 డాలర్ల నుంచి 200కు పెంచారు. నౌక టిక్కెట్టుకు ఇది అదనం!