మన్నారు సింధుశాఖయందలి పగడపు దిబ్బలు

నవరత్నములలో పగడ మొకటి. సంస్కృతమున దీనికి ప్రవాళము, విద్రుమము అను పేళ్లు గలవు. తమిళులు పవళమనియు, కన్నడిగులు హవళమనియు వ్యవహరింతురు. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున మోటుపల్లి రేవునందు వేయించిన అభయశాసనమున సుంకము విధింపబడిన సరకులలో గంధము, కర్పూరము, ముత్యములతోపాటు పగడములును పేర్కొనబడినవి. ఆభరణములయందు పొదుగు ఎఱ్ఱ పగడము ప్రధానముగా మధ్యధరా సముద్రమున లభించునది. మన సముద్రములలో దిబ్బలు కట్టు పగడములు దానికి దూరపు బంధువులు. ఇవి రత్నములుగా పనికిరాకున్నను, తీరమునకు చేయు ఉపకారము రత్నముల వెలకు మించినది. వీనిని వట్టి రాళ్లుగా నెంచుటవలన కలిగిన నష్టమునకు మన్నారు సింధుశాఖ తార్కాణము.

పగడపు జీవి

చూపునకు రాతివలెను, కొమ్మలచే చెట్టువలెను కనబడినను పగడము జంతువర్గమునకు చెందినది. ఇందలి ఒక్కొక్క జీవిని పాలిప్ అందురు. సంచివంటి మెత్తని దేహము, పైభాగమున నోరు, నోటిచుట్టు సన్నని స్పర్శాంగములు, ఇదియే దాని ఆకారము. ఇది సముద్రజలమునుండి ఖనిజములను గ్రహించి, కాల్షియం కార్బొనేటుతో తన అడుగున గిన్నెవంటి గూడు కట్టుకొనును. పాలిప్ మొగ్గతొడిగి అనేకములగును. తరములు గతించినకొలది పాత గూళ్లపై క్రొత్త గూళ్లు లేచి దిబ్బ పెరుగును. అందు జీవముగలది పైపొర మాత్రమే. క్రిందిదంతయు పూర్వతరముల కట్టడమే. బండలవలె పెరుగు జాతులు ఏటికి కొలది మిల్లీమీటర్లు మొదలు ఒకటి రెండు సెంటీమీటర్ల వఱకును, కొమ్మలు వేయు జాతులలో కొన్ని పది సెంటీమీటర్ల వఱకును పెరుగును. కావున పెద్ద దిబ్బ ఏర్పడుటకు వేలకొలది సంవత్సరములు పట్టును.

పాలిప్ దేహకణములలో జూజాంథెల్లా అను ఏకకణ శైవలములు నివసించును. ఇవి సూర్యరశ్మి సాయమున ఆహారము తయారుచేసి, అందధికభాగమును పాలిప్‌నకు ఒసగును. పాలిప్ విసర్జించు పదార్థములు శైవలములకు ఎరువగును. పగడమునకు రంగు సయితము చాలవఱకు వీనివలననే కలుగును. ఈ పరస్పరాశ్రయమే దిబ్బకు ప్రాణము.

దిబ్బలు పెరుగు తావులు

శైవలములకు వెలుతురు కావలయును గనుక దిబ్బలు లోతు తక్కువైన తేటనీటనే వృద్ధిపొందును. నీటి వేడిమి సాధారణముగా 18 డిగ్రీల సెంటీగ్రేడునకు తగ్గరాదు. లవణమును తగినంత యుండవలయును. యానాము వద్ద వరదకాలమున గౌతమిని చూచినవారికి ఆంధ్రతీరమున పెద్ద దిబ్బలు ఏల ఏర్పడలేదో సులభముగా బోధపడును. గోదావరీ కృష్ణానదులు తెచ్చు మంచినీరు సముద్రపు ఉప్పదనమును తగ్గించును. ఒండ్రు వెలుతురును అడ్డగించి పాలిప్‌లను కప్పివేయును. పొలములకు సారమిచ్చు ఒండ్రే పగడమునకు మృత్యువు.

భారతదేశమున కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాన్ నికోబార్ దీవులు, పాక్ అఖాతము, మన్నారు సింధుశాఖ ముఖ్యమైన పగడపు ప్రదేశములు. మహారాష్ట్రమున మాల్వణ్ తీరమునను, కర్ణాటకమున నేత్రాణి దీవి చెంతను చిన్న సమూహములు గలవు.

మన్నారు దీవులు

రామేశ్వరమునకును తూత్తుకుడికిని నడుమ తీరమున కనతిదూరమున 21 చిన్న దీవులు వరుసగా నుండెను. వాని చుట్టును దిబ్బలు పెరిగినవి. అందు నూటికి పైగా పగడపు జాతులు గుర్తింపబడినవి. చేపలకు, పీతలకు, రొయ్యలకు దిబ్బల సందులే నెలవులు. ప్రపంచ సముద్రతలమున పగడపు దిబ్బలు ఆక్రమించు భాగము నూటికి ఒకవంతు కంటె తక్కువయైనను, సముద్రజీవజాతులలో సుమారు నాలుగవవంతు వానిని ఆశ్రయించియున్నవని శాస్త్రజ్ఞుల అంచనా.

పూర్వము తూత్తుకుడి ప్రాంతమున పగడపు రాతిని విరిచి పడవలపై తెచ్చి సున్నమునకును, కట్టడములకును, పరిశ్రమలకును వినియోగించిరి. దిబ్బ వెలుపలి అంచు అలల వేగమును విఱుచును. విఱిగిన పగడపు పొడియే దీవికి ఇసుక యగును. దిబ్బను తవ్వినచో దీవికి అడ్డుగోడయు, ఇసుకయు ఒక్కసారిగా తొలగిపోవును. విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి అను రెండు దీవులు ఇట్లే కోతకు గురియై నీట మునిగినవి. పగడపు తవ్వకమే ఇందుకు ముఖ్యకారణమని పరిశోధకులు నిర్ణయించిరి. వాన్ దీవియు క్రమముగా కుంచించుకొనిపోగా, దానిని నిలుపుటకై సముద్రమున కృత్రిమమైన దిబ్బలను అమర్చిరి.

రక్షణము

ఈ దీవుల ప్రాంతము 1986లో సముద్ర జాతీయోద్యానముగను, 1989లో సింధుశాఖ జీవావరణ రక్షితప్రదేశముగను ప్రకటింపబడినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టు పగడములను 2001లో చేర్చిరి. తవ్వకము అణగినది. విఱిగిన కొమ్మలను కాంక్రీటు చట్రములకు కట్టి, చెడిన తావులందు తిరిగి నాటు ప్రయత్నములును జరుగుచున్నవి.

కాని చట్టమునకు లోబడని ఆపద మఱియొకటి గలదు. వేసవి గరిష్ఠపు వేడిమికి పైన నీరు ఒక డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినచో పాలిప్‌లు తమ శైవలములను వెడలగొట్టును. అప్పుడు పగడము తెల్లబారును. వేడిమి త్వరగా తగ్గినచో తిరిగి కోలుకొనును. తగ్గనిచో ఆకలిచే నశించును. మన్నారు సింధుశాఖ 1998, 2010, 2016 సంవత్సరములలో ఇట్టి విపత్తునకు లోనైనది. ఒక దెబ్బనుండి తేరుకొనుటకు దిబ్బకు అనేక సంవత్సరములు కావలయును. దెబ్బకు దెబ్బకు నడుమ ఎడము తగ్గుటయే నేటి భయహేతువు.

భూగోళపు వేడిమిని తగ్గించుట ఒక్క తీరమువారికి సాధ్యము కాదు. అయినను మురుగునీటిని సముద్రమున కలువనీయకుండుట, దిబ్బలపై లంగరులు వేయకుండుట, అడుగును ఈడ్చు వలలను దూరముగ నుంచుట తీరవాసుల చేతిలోని పనులు. ఇతరబాధలు లేని దిబ్బకు వేడిమినుండి కోలుకొను శక్తి మెండుగా నుండును. వేలయేండ్ల కట్టడము సున్నపు బట్టీలో ఒక్కదినమున బూడిదయగును. మునిగిన రెండు దీవులు మరల రాలేదు. మిగిలిన 19 దీవులు నిలుచుట దిబ్బల నిలుకడపై ఆధారపడియున్నది.